ఆవిరి ఆనవాలు

మా స్నానాల గది పైకప్పు మూలన మొదట గోరంత నల్లమచ్చ కనిపించింది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అది అరచెయ్యంత అయింది. గీకించి రంగు వేయించాం. ఆరు నెలలకు మళ్ళీ అదే చోట మొలిచింది. ఒక ఆదివారం నేను స్టూలెక్కి బ్లీచింగ్ నీళ్ళతో ఆ బూజు తుడుస్తుంటే, కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ అంది: "ముప్పై నాలుగేళ్ళు గాలిలో తేమ ఎంతుందో రాశారు కదండీ, మనింట్లో తేమ బయటికి పోయే దారేదో మీకు తోచదా?"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. నేను వాతావరణ శాఖలో అబ్జర్వర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం అయిదున్నరకు ఆవరణలో ఉన్న తెల్లరంగు చెక్కపెట్టె తలుపు తీసి, డ్రై బల్బ్ ఎంత, వెట్ బల్బ్ ఎంత అని చూసి రాయడం నా బతుకు. ఆ పెట్టెను స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. స్కాట్లాండ్‌లో దీపస్తంభాలు కట్టిన థామస్ స్టీవెన్సన్ రూపొందించాడు; నవలలు రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి ఆయన. ఎండ తగలకుండా, వాన పడకుండా, గాలి మాత్రం ఆడేలా నాలుగు వైపులా వాలు చెక్కలు. అలాంటి పెట్టె ముందు అన్నేళ్ళు నిలబడ్డవాడికి తన ఇంట్లో గాలి ఆడడం లేదని తెలియకపోవడం చిన్న విషయం కాదు.

తేమను కనిపెట్టి దానంతటదే తిరిగే ఫ్యాన్ ఒకటి దొరుకుతుందంటే తెప్పించి పెట్టించాను. లోపల చిన్న మీట, దాని చుట్టూ అంకెలు. కాగితంలో చెప్పినట్టే డెబ్భై శాతం తేమ దగ్గర పెట్టాను. అది జూలై నెల. ఫ్యాన్ తిరగడం మొదలెట్టింది. రాత్రి తిరిగింది, తెల్లారీ తిరిగింది, ఎవరూ స్నానం చెయ్యకపోయినా తిరిగింది. నాలుగో రోజు రాత్రి ఆ రొదకు నిద్రపట్టక లేచి స్విచ్చి కట్టేశాను.

తప్పు ఫ్యాన్‌ది కాదని నాకు వెంటనే తెలిసింది. జూలైలో మా విశాఖపట్నం గాలిలో తేమ పగలూ రాత్రీ ఎనభై చుట్టూ తచ్చాడుతుంది, వానపడితే తొంభై దాటుతుంది. డెబ్భైకి దిగేదాకా తిరగమని చెబితే పాపం ఆ ఫ్యాన్ శీతాకాలం దాకా తిరగాల్సిందే. మరి ఆ డెబ్భై ఎవరు పెట్టారు? ఏ ఊరి గాలిని చూసి పెట్టారు? ఆ రాత్రి నుంచి అదే ఆలోచన. రిటైరైనవాడికి పుస్తకాలకూ తీరికకూ లోటు లేదు. వెతుకుతూ పోయాను.

ముందు మా సొంతూరి సంగతి చెప్పాలి. మాది అప్పటి పశ్చిమ గోదావరి మెట్ట, జంగారెడ్డిగూడెం దగ్గర. నా చిన్నప్పుడు స్నానాల గది అనే మాటే లేదు. దొడ్లో నూతి పక్కన నాలుగు నాపరాళ్ళు పరిచి, మూడు వైపులా తాటాకు దడి కట్టేవారు. పైన ఆకాశం. రాగి కాగులో నీళ్ళు, కింద కొబ్బరిమట్టల మంట. భోగినాడు చీకటితో లేపి నువ్వులనూనె పట్టించి అమ్మ తలంటుతుంటే, కుంకుడు పులుసు కళ్ళల్లో పడకుండా మూసుకుని, సందు చూసి కళ్ళు తెరిస్తే నా ఒంటి మీంచే ఆవిరి లేచి పైకి పోతూ కనిపించేది. ఆ ఆవిరికి దారి చూపాల్సిన పని ఎవరికీ లేదు. అది తనంతట తాను పోయేది.

తేమ ఎంతుందో చెప్పే గుర్తులు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండేవి. ఉప్పు జాడీలో ఉప్పు చెమర్చడం, అప్పడాలు మెత్తబడడం, వీధి తలుపు చట్రంలో బిగుసుకుపోయి భుజంతో నెడితే గాని రాకపోవడం. జాతరలో డప్పు కొట్టేవాళ్ళు వానాకాలంలో గడ్డిమంట వేసి డప్పు కాచుకుంటుంటే మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. తోలు తేమ పీల్చి వదులైందన్నమాట. కాస్తే బిగుసుకుని మళ్ళీ పలుకుతుంది. ఉప్పు, అప్పడం, చెక్క, తోలు, ఇవన్నీ తేమకు తమ ఒళ్ళు మార్చుకునే వస్తువులు. తేమను కొలిచే పరికరాల చరిత్రంతా ఇలాంటి వస్తువును వెతకడమేనని నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది.

మా పెదనాన్న పొగాకు బ్యారన్‌లో క్యూరింగు చూసేవాడు. మా మెట్టలో వర్జీనియా పొగాకు ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఎత్తైన ఆ ఇటుక గదులు కనిపిస్తాయి. కర్రలకు అల్లిన పచ్చాకును లోపల అంతస్తులుగా వేలాడదీసి, పొయ్యి వేడిని ఇనుప గొట్టాల గుండా లోపలికి పంపి ఆరబెడతారు. గదికి కింద కిటికీలు, పైన మూతలు. పనితనమంతా వాటిని ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తీయాలి అన్నదాంట్లోనే ఉంది. మొదట ఆకు పసుపెక్కాలి. దానికి తేమ కావాలి, అన్నీ మూసి సన్నటి వేడి మీద ఉంచుతారు. రంగు తిరిగాక ఆకులోని నీళ్ళు బయటికి పోవాలి. అప్పుడు మూతలు తీస్తారు. తీయడం ఆలస్యమైతే ఆకు లోపలే ఉడికినట్టై గోధుమరంగుకు పోతుంది. ముందుగా తీస్తే పచ్చగానే ఎండిపోతుంది. ఎటు తప్పినా రైతు నష్టపోతాడు. లోపల థర్మామీటరు వేలాడేది కాని, మా పెదనాన్న దాన్ని వేడి కోసమే చూసేవాడు. తేమ కోసం తలుపు కొంచెం తీసి మొహం లోపల పెట్టేవాడు. ఆకు కొస వేళ్ళతో నలిపి చూసేవాడు. "ఇంక ఊపిరాడనిద్దాం" అని పైమూత తాడు లాగేవాడు. అర్ధరాత్రి రెండింటికి లేచి ఆ తాడు లాగడం నేను కళ్ళారా చూశాను.

ఆ తాడు రెండు వేల ఏళ్ళ కిందట రోములోనూ ఉంది. అక్కడ అది గొలుసు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దపు విట్రూవియస్ అనే వాస్తుశిల్పి కట్టడాల మీద పది పుస్తకాలు రాశాడు. అయిదోదాంట్లో స్నానశాలల గురించి చెబుతూ, చెమట గదికి గుమ్మటం కట్టి, దాని నడిమధ్య రంధ్రం వదలాలంటాడు. ఆ రంధ్రం కింద గొలుసులతో ఒక కంచు పళ్ళెం వేలాడదీయాలి. దాన్ని పైకి లాగితే రంధ్రం మూసుకుంటుంది, దించితే తెరుచుకుంటుంది. అలా పైకీ కిందికీ జరుపుతూ గది వేడిని సరిచూసుకోవాలి. చదవగానే నాకు పెదనాన్న గుర్తొచ్చాడు. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు, కాని ఆవిరికి దారి ఉంది, ఆ దారికి మూత ఉంది, మూతకు కాపలా ఒక మనిషి ఉన్నాడు. ఎప్పుడు లాగాలన్నది ఆ మనిషి ఒంటికి తెలియాలి.

గొలుసు లాగినా కొంత ఆవిరి గోడలకు పట్టక తప్పదు. దానికీ ఒక ఉపాయం చేశారు. పాంపేయి నగరంలో, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కూరుకుపోయిన ఆ ఊళ్ళో, ఫోరమ్ దగ్గరి స్నానశాలలో వేడిగది పైకప్పు వంపు తిరిగి, నిలువు చాళ్ళు చాళ్ళుగా ఉంటుంది. పైన పట్టిన నీటిబొట్లు స్నానం చేసేవాళ్ళ నెత్తిన పడకుండా ఆ చాళ్ళ వెంట గోడల మీదికి జారిపోవాలని. మా పైకప్పు చదును. దానికి పట్టిన నీరు ఎటూ జారలేదు, అక్కడే కూర్చుంది, బూజుకు ఊపిరి పోసింది.

మనిషి ఒంటిని నమ్మకుండా తేమను ఒక వస్తువుతో చెప్పించాలన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1450లో జర్మన్ మతాచార్యుడు నికోలస్ కూసా తన పుస్తకంలో ఒక త్రాసు గురించి రాశాడు. ఒక పళ్ళెంలో చాలా ఉన్ని, రెండో పళ్ళెంలో అంతే బరువు రాళ్ళు. గాలి తేమెక్కితే ఉన్ని బరువెక్కి కిందికి దిగుతుంది, ఆరితే లేస్తుంది. మా ఉప్పు జాడీకి త్రాసు తగిలించినట్టే. పదిహేడో శతాబ్దంలో ఫ్లోరెన్సులో మంచు నింపిన గాజు శంకువును గాలిలో వేలాడదీసి, దానికి పట్టి కారే నీటిని పాత్రలోకి పట్టి చూసేవారు. 1665లో రాబర్ట్ హుక్ తన 'మైక్రోగ్రఫియా'లో అడవి ఓటు గింజ మీసాన్ని చూపించాడు. ఆ మీసం తడికి విచ్చుకుంటుంది, ఆరితే మెలితిరుగుతుంది. దాని కొసకు ముల్లు అంటిస్తే తేమ గడియారంలా తిరిగి చూపిస్తుంది.

నా మనసు నిలిచిపోయింది మాత్రం వెంట్రుక దగ్గర. జెనీవా వాసి ఒరాస్ బెనెడిక్ట్ డి సోస్యూర్ 1783లో తేమను కొలవడం మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. మనిషి తలవెంట్రుక తేమకు పొడుగవుతుంది, ఆరితే కురచవుతుంది. మొత్తం ఎండు గాలి నుంచి నిండు తేమ దాకా పోతే దాని పొడవు నూటికి రెండున్నర పాళ్ళ దాకా పెరుగుతుంది. జానెడు వెంట్రుక అయితే అరసెంటీమీటరు. అంత చిన్న కదలికను చిన్న చక్రం మీదుగా ముల్లుకు అందిస్తే కంటికి తెలుస్తుంది. అయితే ఏ వెంట్రుక పడితే అది పనికిరాదు. మెత్తగా, సన్నగా, ఉంగరాలు తిరగకుండా ఉండాలి. నూనె జిడ్డు పోవడానికి సోడా నీళ్ళలో ఉడకబెట్టాలి. నిండు తేమ గాలిలో ముల్లు ఎక్కడ నిలిస్తే అది నూరు, పూర్తిగా ఆరబెట్టిన గాలిలో నిలిచిన చోటు సున్న. 1787లో ఆయన మోన్‌బ్లాన్ శిఖరం ఎక్కినప్పుడు తన వెంట్రుక పరికరాన్నీ పైకి మోయించుకుపోయాడు. ఆయనతో తగాదా పడ్డ ఝాన్ ఆంద్రే దెలూక్, అదే జెనీవా ఊరివాడు, దంతమూ తిమింగలం నోటి పట్టీలూ మేలని వాదించాడు. ఆ వాదం ఏళ్ళపాటు నడిచింది. నిలిచింది వెంట్రుకే.

ఎంతగా నిలిచిందంటే, రెండు వందల ఏళ్ళ తరవాత నా చేతికీ వచ్చింది. మా అబ్జర్వేటరీ పెద్ద పెట్టెలో హెయిర్ హైగ్రోగ్రాఫ్ ఉండేది. లోపల తెల్లటి వెంట్రుకల కట్ట, నడిమికి ఒక కొక్కెం. తేమ మారితే కట్ట సాగడం, ముడుచుకోవడం. ఆ కదలిక వంపు ఇనుప ముక్కల మీదుగా కలానికి చేరేది. కలం ఇత్తడి డ్రమ్ము మీద చుట్టిన చార్టు మీద ఊదారంగు గీత గీసేది. డ్రమ్ములో గడియారం, కీ ఇస్తే తిరుగుతుంది. ఆ వంపు ముక్కలు ఎందుకంటే, వెంట్రుక ఎండుగాలిలో చురుగ్గా కదులుతుంది, తేమ ఎక్కువయ్యేకొద్దీ బద్ధకిస్తుంది. ఇరవై నుంచి ముప్పైకి పోయినప్పుడు సాగినంత, ఎనభై నుంచి తొంభైకి పోయినప్పుడు సాగదు. ఆ తేడాను ఇనుప వంపుతో సరిదిద్దారు.

ఆ వెంట్రుకలను వేలితో తాకకూడదు. మన వేళ్ళ నూనె దాన్ని పాడుచేస్తుంది. సన్నటి కుంచెను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పైనుంచి కిందికి మెల్లగా తడపాలి. సముద్రపు ఉప్పు, దుమ్ము కడిగేసుకుని వెంట్రుకలు తేటగా మెరిసేవి. కలం మెల్లమెల్లగా పైకి ఎక్కి తొంభై అయిదు దగ్గర నిలిచేది. నిలిచిందంటే పరికరం బాగున్నట్టు. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ కడగడాన్ని తలంటు అనేవాడు. "ఈవేళ దానికి తలంటు పోశావా?" అని అడిగేవాడు.

మా విశాఖపట్నంలో ఈ పని కొత్త కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని ఆయన ఇక్కడి నుంచే చూసి లెక్కగట్టాడు. భారత వాతావరణ శాఖ పుట్టింది ఆ మరుసటి ఏడు, 1875లో. ఈ సంగతి మా ఊరి పిల్లలకు ఎవరైనా బళ్ళో చెబితే బాగుండునని నా కోరిక.

వెంట్రుక ఒక దారి, తడిగుడ్డ ఇంకో దారి. 1825లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ ఫెర్డినాండ్ ఆగస్ట్ రెండు థర్మామీటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని బుడ్డికి తడి మల్లుగుడ్డ చుట్టాడు. గాలి పొడిగా ఉంటే తడి ఆరిపోతూ ఆ బుడ్డి చల్లబడుతుంది. రెండింటి తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడి. నేను ముప్పై నాలుగేళ్ళు చదివినవి అవే. మట్టికుండలో నీళ్ళు చల్లబడడం మనకు తెలిసిన సంగతే. ఆయన దానికి అంకెలు కట్టాడు.

ఆ అంకెలు ఒక్కసారి మనుషుల బతుకుల్లోకి కూడా వచ్చాయి. ఇంగ్లండులో లంకషైర్ నేత మిల్లుల్లో నూలు తెగకుండా ఉండాలని యజమానులు షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. నూలు బాగుండేది, మనుషుల బట్టలు తడిసి ముద్దయ్యేవి, ఆ తడితో చలిలోకి నడిచి ఇంటికి పోయేవారు. నేతపనివాళ్ళు పోరాడితే 1889లో చట్టం వచ్చింది. ఇంత వేడికి ఇంతకు మించి తేమ ఉండకూడదని పట్టిక కట్టి, ప్రతి షెడ్డులో తడి, పొడి థర్మామీటర్లు వేలాడదీసి రాయాలన్నారు. ఊపిరాడడం కూలివాడి హక్కని ఒక థర్మామీటరు సాక్ష్యం చెప్పిన సందర్భం అది. నూలుకు తేమ కావాలన్న సంగతి మన సాలీలకూ తెలుసు. గుంట మగ్గం గుంటలోంచి నేల చెమ్మ పోగుకు అందుతుంది. అక్కడ ఒంటికి ఊపిరాడుతూనే ఉంటుంది. మిల్లు ఆ రెంటినీ విడదీసింది.

ఆ తరవాత యంత్రమే తేమను చూసి యంత్రాన్నే నడిపించే కాలం వచ్చింది. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో కాగితం తేమకు సాగి రంగులు పక్కకు జరుగుతున్నాయని విలిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు గాలిలో తేమను అదుపుచేసే ఏర్పాటు చేశాడు. 1906లో నూలు మిల్లుల ఇంజనీరు స్టూవర్ట్ క్రేమర్ ఆ పనికి 'ఎయిర్ కండిషనింగ్' అని పేరు పెట్టాడు. ఇప్పుడా మాట అంటే మనకు చల్లదనమే గుర్తొస్తుంది. పుట్టింది మాత్రం తేమ కోసం.

స్నానాల గది దాకా ఇది రావడానికి చలిదేశాల ఇళ్ళు కారణం. 1973లో చమురు ధర మండిపోయాక ఐరోపాలో వెచ్చదనం పోకుండా ఇళ్ళ సందులన్నీ మూసుకోవడం మొదలెట్టారు. గాలి ఆగింది, తేమ లోపలే నిలిచింది, గోడలకు బూజు పట్టింది. ఫ్యాను నిరంతరం తిప్పితే వెచ్చటి గాలి బయటికి పోయి ఇంధనం దండగ. ఫ్రాన్సులో 1982లో ప్రతి ఇంట్లో నిరంతరం గాలి మారాలని నిబంధన తెచ్చి, మరుసటి ఏడే దాన్ని సవరించి, అవసరాన్నిబట్టి గాలి హెచ్చుతగ్గులు చేసుకోవచ్చన్నారు. అప్పుడు వచ్చినవే నైలాన్ పట్టీల కిటికీలు. తేమకు పట్టీ సాగుతుంది, రెక్క తెరుచుకుంటుంది. ఆరితే పట్టీ ముడుచుకుంటుంది, రెక్క మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు. సోస్యూర్ వెంట్రుకే నైలానై వచ్చి, పెదనాన్న తాడును తానే లాగింది.

ఇక్కడే నాకు డెబ్భై గుట్టు దొరికింది. లెక్క వేసి చూడండి. సున్న డిగ్రీల చలిలో గాలి నిండా తేమ ఉన్నా ఘనపు మీటరుకు అయిదు గ్రాముల నీరు కూడా పట్టదు. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి ఇరవై డిగ్రీలకు వెచ్చచేస్తే, అదే నీరు, కాని తేమ ఇరవై ఆరు శాతమే. అలాంటి ఇంట్లో మీటరు డెబ్భై చూపిందంటే సందేహం లేదు, ఎవరో వేడినీళ్ళ స్నానం చేస్తున్నారు. బయటి గాలిని లాగితే చాలు, గది ఎండిపోతుంది. మాకు బయటి గాలే ఎనభై. ముప్పై డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి ముప్పై గ్రాముల నీరు మోస్తుంది. అందులో ఇరవై నాలుగు అప్పటికే ఉన్నాయి. మా స్నానాల గది అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు. తొమ్మిది ఘనపు మీటర్లు. ఇంకో యాభై గ్రాముల పైచిలుకు, అంటే ఒక గుక్కెడు నీళ్ళు ఆవిరైతే చాలు, గది నిండిపోతుంది. ఫ్యాన్ ఎంత తిప్పినా గదిని బయటి గాలికంటే పొడిగా చెయ్యలేదు. ఆ అంకె మంచిదే. మా గాలిని చూసి పెట్టింది కాదు, అంతే.

ఈ మాట మా మనవరాలితో అన్నాను. అది ఇంజనీరింగ్ మూడో ఏడు. శలవలకొచ్చినప్పుడు వేలిగోరంత తెల్లటి సెన్సర్ ఒకటి తెచ్చింది. రెండొందలు కూడా కాలేదట. దాని వంశం తెలిసి నాకు సంతోషమైంది. 1938లో అమెరికాలో ఫ్రాన్సిస్ డన్‌మోర్ లిథియం క్లోరైడ్ అనే ఉప్పు పూతతో తేమను కరెంటు ద్వారా చెప్పించాడు, గాలిబుడగలకు కట్టి పంపే రేడియో పరికరాల కోసం. ఉప్పు జాడీ మళ్ళీ వచ్చిందన్నమాట. తరవాత 1973లో ఫిన్లాండ్‌లో వైసాలా కంపెనీ ఒక సన్నటి పొర సెన్సర్ తెచ్చింది. తుఓమో సుంతోలా దాని రూపకర్త. రెండు లోహపు పొరల నడుమ ఒక పాలిమర్ పొర. అది తేమ పీల్చేకొద్దీ విద్యుత్తును నిలవ చేసుకునే శక్తి పెరుగుతుంది. అంతకుముందు ఆ కంపెనీ బెలూన్ పరికరాల్లోనూ వెంట్రుకే ఉండేది. ఇంటింటికీ ఆవిరి స్నానపు గది ఉన్న దేశం నుంచే ఈ సెన్సర్ రావడం నాకు ఎంతో సబబుగా తోచింది.

మనవరాలు మొదట ఎనభై అయిదు పెట్టింది. వాన రాత్రి ఫ్యాన్ మళ్ళీ తెల్లవార్లూ తిరిగింది. తొంభై అయిదు పెడితే స్నానం సగమయ్యేదాకా కదల్లేదు. అది దిగాలుగా కూర్చుంటే నేను నా పాత డైరీ తీశాను. ఒక మే నెల రోజున హైగ్రోగ్రాఫ్ గీసిన గీతను పెన్సిలుతో ఎత్తి రాసుకున్న పేజీ అది. పొద్దుటి నుంచి పడమటి వడగాలి. గీత ముప్పై అయిదు దగ్గర నేలబారుగా పాకుతోంది. పదకొండు దాటాక ఒక్క ఉదుటున గోడెక్కినట్టు అరవై అయిదుకు లేచింది. సముద్రపు గాలి తిరిగింది. పది నిమిషాల పని. ఆ గీత చూస్తే చాలు, బయటికి వెళ్ళకుండానే గాలి మళ్ళిందని చెప్పేవాళ్ళం. వాన తేమ అలా ఎక్కదు. గంటల తరబడి వాలుగా ఎక్కుతుంది.

"ఎంత ఉందో చూడకమ్మా, ఎంత తొందరగా ఎక్కిందో చూడు," అన్నాను.

అది ఒక్క క్షణం ఆగి, "స్లోప్ చూడమంటావా తాతయ్యా!" అంది. కళ్ళు మెరిశాయి.

పది సెకండ్లకోసారి తేమ చదవాలి. గడిచిన అయిదు నిమిషాల సగటు దగ్గర పెట్టుకోవాలి. రెండు నిమిషాల్లో దానికి నాలుగు పాయింట్లు పైకి పోతే స్నానం మొదలైనట్టు. అప్పుడు ఆ సగటును అక్కడే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే ఆవిరితోపాటు అదీ ఎక్కిపోయి మోసం చేస్తుంది. తేమ ఆ గుర్తుకు దగ్గరగా దిగాక ఫ్యాన్ ఆగాలి, ఏమైనా సరే అరగంట దాటకూడదు. పెట్టిన మొదటి నాలుగు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. అయిదో రోజు పదకొండింటికి మేమంతా హాల్లో కూర్చుని ఉంటే స్నానాల గదిలో ఫ్యాన్ తిరిగింది. లోపల ఎవరూ లేరు. కిటికీ తెరిచి ఉంది. నేను బాల్కనీలోకి వెళ్ళి చూస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన చీరలు పడమటి వైపు ఎగురుతున్నాయి. సముద్రపు గాలి తిరిగింది. ఆ ఫ్యాన్ మా అబ్జర్వేటరీ గీతలాగే దాన్ని పసిగట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. పరికరం తప్పు చెప్పినా, నిజమే చెప్పింది.

మనవరాలు హాల్లో రెండో సెన్సర్ పెట్టింది. సముద్రపు గాలి వస్తే రెండూ కలిసి ఎక్కుతాయి. స్నానమైతే ఒక్కటే ఎక్కుతుంది. దాంతో ఆ చిక్కూ తీరింది. మధ్యలో వాన మొదలై గాలి తేమెక్కినా, హాలుతో పోల్చుకుని ఆగుతుంది. ఎండాకాలం చన్నీళ్ళ స్నానాన్ని మాత్రం అది గుర్తుపట్టదు. దానికి ఆవిరే లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఇంకో పని వడ్రంగి చేత చేయించాను, తలుపు అడుగున వేలెడు సందు కోయించాను. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా బయటికి లాగడం కుదరదు. బ్యారన్‌కు కింది కిటికీలు అందుకే.

శలవలు ముగిసే ముందు ఆదివారం ఇద్దరం కలిసి సోస్యూర్ పరికరం చేశాం. మనవరాలి తలవెంట్రుక ఒకటి, చాకలి సోడా నీళ్ళలో ఉడికించి, మంచినీళ్ళలో కడిగాం. చెక్క మీద పై కొస మేకుకు కట్టి, కింది కొసకు చిన్న బరువు తగిలించి, దారపు రీలు ఇరుసు చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఇరుసుకు చీపురుపుల్ల గుచ్చాం. దాన్ని స్నానాల గది తలుపు పైన, నీళ్ళు చిందని చోట నిలిపి, పుల్ల కొస దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీశాను. తలకు నూనె పట్టించుకుని, కుంకుడు పులుసు గిన్నెతో నేను లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. గీజరు నీళ్ళు వదిలాను. మనవరాలు బయట ఫోను పట్టుకుని కూర్చుంది.

"నిమిషం నలభై సెకండ్లు! ఆన్ అయిందా తాతయ్యా?"

తిరుగుతోందన్నాను. పుల్ల ఇంకా కదల్లేదు. కళ్ళల్లో కుంకుడు పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. తలంటు సగమయ్యాక అది వణికి, గీత దాటి, మెల్లగా కిందికి వాలింది. బియ్యపు గింజంత దూరం.

నేను బయటికొచ్చిన ఇరవై నిమిషాలకు ఫ్యాన్ ఆగింది. చీపురుపుల్ల గీత దగ్గరికి తిరిగొచ్చేసరికి మా మధ్యాహ్న భోజనాలు అయిపోయాయి.